ఉయ్యాల ఊపుకుంటూ పరేడ్‌లోకి

చేతిలో ఒక కర్ర పట్టుకుని భారత సైన్యాన్ని ఆపినవాణ్ణి నేను. నవ్వకండి. మొత్తం సైన్యాన్ని కాదులెండి. ఒక కవాతు దళాన్నీ, దాని ముందున్న బ్యాండునీ, పక్కన టీ తాగుతున్న ఒక కల్నల్‌గారినీ మాత్రమే. తొంభైల మొదట్లో, జనవరి పొద్దున, ఢిల్లీ కంటోన్మెంటులో జరిగిన ఘోరం అది. ఆ దళాన్ని నడిపిస్తున్న సుబేదారు మా నాన్నే కావడం నా జాతక విశేషం. ఇంట్లో ఏ పెళ్లి జరిగినా భోజనాలయ్యాక మా చెల్లెలు బుజ్జి, "అన్నయ్యా, ఆ పరేడ్ కథ చెప్పవా" అంటుంది. నా పరువు నా నోటితోనే తీయించాలని దాని సరదా. సరే, మీరూ కాస్త సర్దుకుని కూర్చోండి, తీసేస్తాను.

ముందుగా మీకో సంగతి తెలియాలి. నాది పుట్టు పరధ్యానం. క్రికెట్‌లో నన్ను బౌండరీ దగ్గర నిలబెట్టారు. పాలం విమానాశ్రయంలో దిగే విమానాలు మా కంటోన్మెంటు మీదుగానే వెళ్లేవి. ఒకదాని పొట్ట కిందనుంచి చక్రాలు మెల్లగా బయటికి రావడం చూస్తూ నేను లోకం మరిచిపోతే, బంతి నా కాళ్ల మధ్యనుంచి హాయిగా వెళ్లిపోయింది. క్రికెట్‌లోంచి గెంటేశారు. ఫుట్‌బాల్లో హాఫ్ టైం అయ్యాక వైపులు మారతారన్న సంగతి ఆలోచనల్లో పడి మరిచిపోయి, అవతలి జట్టుకి ఎంతో శ్రద్ధగా సాయం చేశాను. అక్కడా గెంటేశారు. హాకీలో ఏం చేశానో చెప్పను, ఆ దెబ్బ తగిలిన అబ్బాయి ఇప్పటికీ నాకు స్నేహితుడు.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న నిలబడితే గోడకి కూడా నిటారుగా ఉండాలనిపించేది. అలాంటి మనిషికి నేను పుట్టాను. ఆయన నన్ను చూసి, "వీడి ఒళ్లు ఢిల్లీలో ఉంటాది, మనసు ఎక్కడుంటాదో రక్షణ శాఖకి కూడా తెలీదు" అనేవారు.

నాకు పదిహేనేళ్లు నిండాక మా ఇంట్లో బుజ్జి పుట్టింది. మా క్వార్టర్లో వెనక గదిలో అమ్మ తన పాత నేత చీరతో ఉయ్యాల కట్టింది. బడినుంచి రాగానే దాన్ని ఊపడం నా డ్యూటీ. అబ్బ, ఆ పని ఎంత బాగుండేదో చెప్పలేను. చలికాలపు ఎండ కిటికీలోంచి నేలమీద పడేది. బయట ఎవరో పల్లీలు వేయించుకుంటున్న వాసన. ఉయ్యాల అటు వెళ్లి ఇటు వచ్చేది, నా మనసు మాత్రం అటు వెళ్లి అటే ఉండిపోయేది. అమ్మ ఎప్పుడొచ్చి చంటిదాన్ని ఎత్తుకుపోయేదో నాకు తెలిసేది కాదు, నేను ఊపుతూనే ఉండేవాణ్ణి.

"ఒరే సూరీ! పిల్ల లేని ఉయ్యాల ఊపకూడదని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? దానికి కడుపునొప్పొస్తాది!"

"పిల్ల ఇందాక ఉందమ్మా."

"ఇందాక ఉంది. ఇప్పుడు నా ఒళ్లో పాలు తాగుతోంది. కళ్లేం చేసుకున్నావు?"

ఇది మా ఇంట్లో రోజూ జరిగే సంభాషణ. దీన్ని ఇక్కడితో వదిలేసి ఆటలోకి వద్దాం.

చాణక్యపురిలో రాయబారుల పిల్లలు చదివే బడి ఒకటి ఉండేది. అక్కడి అమెరికా కుర్రాళ్లు లాక్రాస్ అనే ఆట ఆడతారు. పొడుగాటి కర్ర, దాని చివర చిన్న వల సంచి, ఆ సంచిలో బంతి వేసుకుని పరిగెత్తి గోల్లోకి విసరాలి. పాపం వాళ్లకి ఊరు మొత్తంలో ఆడటానికి ఇంకో జట్టు లేదు. అందుకని వాళ్ల కోచ్ వాల్టర్‌గారు, తెల్లటి గడ్డం ఉన్న పెద్దమనిషి, పాత కర్రలూ హెల్మెట్లూ జీపులో వేసుకుని మా బడికి తెచ్చి ఇచ్చి, "మాతో ఆడండి చాలు" అని బతిమాలుకున్నారు. నేను నా కర్ర ఇంటికి తీసుకెళితే అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటిరా, బూరెలు తీసే చిల్లుల గరిటెకి కాళ్లొచ్చినట్టుంది" అంది.

మా కోచ్ ధిల్లాన్ సార్. సైన్యంలో హాకీ ఆడి రిటైరై మా బడికి పీటీ మాస్టారుగా వచ్చారు. లాక్రాస్ గురించి ఆయనకి తెలిసినదంతా వాల్టర్‌గారు ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పినదే. ఎంపికల రోజున నా పేరడిగారు.

"సూరి, సర్."

"సూరీ! అచ్ఛా! మీ తాతలది లాహోరా, అమృత్‌సరా?"

"అరసవల్లి, సర్."

సూరి పంజాబీల ఇంటిపేరు కూడా, అందుకని ఆయన అరసవల్లి పంజాబులో ఏ మూలో ఉందనుకుని నన్ను జట్టులోకి తీసుకున్నారు. కాగితంమీద పడ్డ సిరాలాగా పేరు ఎక్కేశాక తీసెయ్యడం కుదరలేదు.

ఆ ఆటలో అసలు కిటుకు బంతిని సంచిలో నిలబెట్టడం. పరిగెత్తేటప్పుడు కర్రని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే బంతి జారిపోతుంది. వాల్టర్‌గారు చూపించారు, ధిల్లాన్ సార్ అనువదించారు. "బచ్చే కో ఝూలే మే సులాతే హై నా? బస్, వైసే!" చంటిపిల్లని ఉయ్యాలలో ఊపినట్టు ఊపమంటున్నారు. మా కెప్టెన్ హర్‌ప్రీత్‌ని అందరం హ్యాపీ అనేవాళ్లం. వాడు ఊపితే బంతి వెళ్లి ప్రిన్సిపల్ మేడమ్ గారి కుండీలో పడింది. మిగతావాళ్లు ఊపితే ఒకరి ముక్కు ఒకరికి తగిలింది. నా వంతు వచ్చింది. నేను కళ్లు సగం మూసుకుని ఊపుతూ గ్రౌండు చుట్టూ పరిగెత్తి వచ్చాను. బంతి కదల్లేదు. నిద్రపోయిందేమోనని నాకే అనుమానం వచ్చింది.

"శాబాష్!" అన్నారు ధిల్లాన్ సార్. "ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా చెల్లెలి దగ్గర, సర్."

పుట్టిన దగ్గర్నుంచి నన్నెవరూ ఆటలో శాబాష్ అనలేదండీ. ఆ సాయంత్రం ఇంటికెళుతుంటే ఆకాశం నాకోసమే నారింజరంగు వేసుకున్నట్టనిపించింది. లోకంలో పరధ్యానపు మనుషుల కోసం కూడా ఒక ఆట ఉందనీ, అది నాకు దొరికిందనీ ఎంత సంతోషపడ్డానో.

ఆ చలికాలం మా సీజను మొదలైంది. సీజను అంటే ఏముంది, ఆ జట్టుతో మేము, మాతో ఆ జట్టు. ప్రతి మ్యాచ్ ఫైనలే. ఓడిపోయిన ప్రతిసారీ హ్యాపీ, "మనం ఇప్పటికీ ఇండియాలో రెండో స్థానంలోనే ఉన్నాం యార్" అని ధైర్యం చెప్పేవాడు. ఓడటం పెద్ద సమస్య కాదు. ఒక్క గోలు కూడా వెయ్యలేకపోవడం సమస్య. అవతలి డిఫెండర్లు అలమారాల్లా ఉండేవారు. వాళ్లని దాటితే వాళ్ల గోల్‌కీపరు, అదే గోలీ, జెఫ్ అని, గోలు మొత్తం వాడొక్కడే నిండిపోయేవాడు.

చివరి మ్యాచ్‌కి ముందురోజు ప్రిన్సిపల్ మేడమ్ ధిల్లాన్ సార్‌నీ మా జట్టునీ తన గదికి పిలిచారు.

"గెలవమనటం లేదు మిస్టర్ ధిల్లాన్. ఒక్క గోలు. నా కళ్లతో చూడాలి. లేకపోతే రేపటినుంచి కర్రలు స్టోర్ రూమ్‌లోకి, గ్రౌండు క్రికెట్‌వాళ్లకి."

"జరూర్ మేడమ్! ఒకటేమిటి, రెండు చూపిస్తాం!"

బయటికొచ్చాక సార్ తలపాగా సవరించుకుంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. "సూరీ, బంతి పట్టుకుంటే వదలనివాడివి నువ్వొక్కడివే. రేపు నీదే పుత్తర్." స్టోర్ రూమ్‌లోకి వెళ్లేవి ఆ కర్రలొక్కటే కాదని నాకు తెలుసు. నాకు వచ్చిన ఒకే ఒక్క ఆట వెళ్లిపోతుంది. మళ్లీ బౌండరీ దగ్గర నిలబడి విమానాలు లెక్కపెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఢిల్లీ లేదు. పొగమంచు. ఎదురింటి స్కూటరు లేదు, ఎదురిల్లూ లేదు. మా బడికి సొంత గ్రౌండు లేక కంటోన్మెంటు మైదానంలో ఒక చివర ఆడుకునేవాళ్లం. మెహందీ మొక్కల కంచెకి అవతల రెండో చివర జనవరి ఇరవయ్యారు పరేడ్‌కోసం జవాన్ల రిహార్సలు. నాన్న అప్పటికే వెళ్లిపోయారు. కంచె అవతల్నుంచి బ్యాండు డప్పు ఢం, ఢం అని మెత్తగా, దూది చుట్టి కొట్టినట్టు వినిపిస్తోంది.

"ఆపేద్దామా? పిల్లలకి ఏమీ కనబడదు" అన్నారు వాల్టర్‌గారు ఇంగ్లీషులో.

"నో నో సర్! ఢిల్లీ ఫాగ్! టెన్ మినిట్స్, సూరజ్ కమింగ్!" అన్నారు ధిల్లాన్ సార్.

సూర్యుడు రాలేదు. మేడమ్ వచ్చారు. శాలువా కప్పుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, అవతలి జట్టు గోలు కనబడేంత దగ్గరగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మ్యాచ్ మొదలైంది. అది మ్యాచ్ అని ఎలా అనాలో నాకు తెలీదు. పాలలో పడ్డవాళ్లలా అందరం చేతులు చాపుకుంటూ తిరిగాం. ఎవరో అరుస్తారు, ఎవరో పడతారు, వాల్టర్‌గారి ఈల మోగుతుంది, ఇంకో గోలు మాకు పడిందని తెలుస్తుంది. అలా పన్నెండు పడ్డాయి. చివరి ఘడియలొచ్చేశాయి. ధిల్లాన్ సార్ గొంతు ఒక్కటే మంచులో దిక్కుతోచక తిరుగుతోంది. "సూరీ! కహా హై తూ? సూరీ!"

అప్పుడు హ్యాపీ నావైపు బంతి విసిరాడు. తెల్లటి బంతి తెల్లటి మంచులోంచి నెమ్మదిగా వచ్చి నా సంచిలో టప్పున పడింది. నేను ఊపడం మొదలెట్టాను. ఎవడో నా కర్రమీద టక్కున కొట్టాడు. తూలాను, నిలదొక్కుకున్నాను, పరుగు తీశాను.

ఆ పరుగు గురించి మాత్రం నన్ను కాస్త చెప్పుకోనివ్వండి, జీవితంలో అలాంటిది మళ్లీ దొరకలేదు. కాళ్ల కింద గడ్డి తడి. అమ్మ అల్లిన ఉన్ని గ్లవ్స్‌లో వేళ్లు మొద్దుబారిపోయాయి. అవతల డప్పు ఢం అంటే కర్ర ఇటు, ఢం అంటే అటు. వెనకనుంచి "వాడి దగ్గరే ఉంది! పట్టుకోండి!" అని అమెరికా కేకలు, ధడ్ ధడ్ మని బూట్లు. జెఫ్ గొంతు కూడా వెనకే. అంటే గోలీని కూడా దాటేశానన్నమాట! ముందు ఒక్కడు లేడు. లోకం మొత్తం తెల్లగా, మెత్తగా, ఉయ్యాలలా ఊగుతోంది. ఆ మంచులో నాకు అన్నీ కనబడ్డాయి. మేడమ్ చప్పట్లు కొడుతున్నారు. ధిల్లాన్ సార్ నన్ను భుజాలమీద ఎత్తుకున్నారు. నాన్న ఎవరితోనో, "మావాడే" అంటున్నారు. అది కనబడగానే ఇంకా గట్టిగా పరిగెత్తాను. ఏవో ఆకులు చెంపకి తగిలాయి. డిఫెండరు మోచెయ్యి అనుకున్నాను. ఆకులున్న మోచెయ్యి ఎవరికుంటుందని మీరు అడుగుతారు, అప్పుడు నేను అడగలేదు.

అంతలో ఎదురుగా కనిపించింది. రెండు కర్రలు, మధ్యలో వల, వెనక్కి వాలి త్రికోణంగా. గోలు!

బలమంతా పెట్టి కర్రని ముందుకి ఝాడించాను. చేతులు రెండూ ఆకాశంలోకి ఎత్తి, కళ్లు మూసుకుని, గుండెలో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. "గోఓఓఓల్!"

డప్పు ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి వల పక్కన ఒక జవాను చేతిలో టీ కెటిల్‌తో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అది గోలు కాదు. చెట్టు కొమ్మల రంగు వల కప్పిన టీ డేరా. డేరా ముందు కుర్చీలో పెద్ద మీసాల కల్నల్‌గారు, చేతిలో కప్పు. ఆయన వెనక మంచులోంచి ఒక్కొక్కటిగా బూరాలు, డప్పులు, వరసలు వరసలుగా జవాన్లు. కాలు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఆగారు. వాళ్లందరి ముందు, ఇనుప కడ్డీలా, మా నాన్న.

"సుబేదార్ సాబ్," అన్నారు కల్నల్‌గారు చాలా నెమ్మదిగా, "యే క్యా హై?"

నాన్న యుద్ధం చూసిన మనిషి. అప్పుడు కూడా ఆయన ముఖం అలా పాలిపోయి ఉండదు.

"మేరా బేటా హై, సర్." మావాడేనని ఒప్పుకున్నారు.

"థమ్! కౌన్ ఆతా హై!" అని పక్కనుంచి సెంట్రీ తుపాకీ ఎత్తి, ఆగమని కేక. కంచెలో ఉన్న కంతలోంచి హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు అమెరికా ఆజానుబాహులు ఒకరి వెనక ఒకరు ఊడిపడ్డారు. ఎదురుగా అంత సైన్యాన్ని చూసి నలుగురూ కర్రలు కింద పడేసి చేతులు పైకి పెట్టారు.

"ఎవరు మీరు?" అన్నారు కల్నల్‌గారు ఇంగ్లీషులో.

జెఫ్ రొప్పుతూ చెప్పాడు. "డిఫెన్స్, సర్."

"మేమూ అదే నాయనా" అని ఆయన కప్పు కింద పెట్టారు. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు నా టీలోకి ఏం విసిరావు?"

జవాను డేరాలో వెతికాడు. దేక్షాలో గరిటె పెట్టి కలియబెట్టాడు. "కుఛ్ నహీ హై, సర్."

"బంతేదిరా?" అన్నారు నాన్న పళ్ల మధ్యనుంచి, తెలుగులో.

సంచిలోకి తొంగి చూశాను. నాలుగు మంచు చుక్కలు.

"ఇందాక ఉంది, నాన్నా."

కల్నల్‌గారి మీసాలు కదలడం మొదలెట్టాయి. ఆయన నవ్వితే జవాన్లకి నవ్వడానికి అనుమతి దొరికింది. బూరా పట్టుకున్నవాడు ఆపుకోలేక బూరాలోనే నవ్వాడు. "వీళ్లని తీసుకెళ్లి అప్పగించి రండి సుబేదార్ సాబ్" అన్నారాయన. నాన్న మా అయిదుగురినీ వరసలో నిలబెట్టి, "బాయే! దాయే! బాయే! దాయే!" అంటూ కవాతు చేయించుకుంటూ వెనక్కి నడిపించారు. జెఫ్ అడుగు నాకంటే బాగా కలిసింది.

నేను నడుస్తూ ఏడుస్తున్నాను. అయిపోయింది. ఒక్క గోలు. అదీ వెయ్యలేకపోయాను. కర్రలు స్టోర్ రూమ్‌లోకి. నా శాబాష్ కూడా స్టోర్ రూమ్‌లోకి.

కంచె దాటేసరికి మా గ్రౌండులో కేకలు. ధిల్లాన్ సార్ తలపాగా జారిపోతున్నా పట్టించుకోకుండా భాంగ్రా చేస్తున్నారు. హ్యాపీ పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తేశాడు.

"గోల్ హో గయా యార్! ఏం నాటకమాడావురా! ఆ అలమారాగాడు నీ కర్రమీద కొట్టగానే బంతి నా కాళ్ల దగ్గర పడింది. నువ్వు మాత్రం ఏమీ జరగనట్టు ఖాళీ కర్ర ఊపుకుంటూ పోయావు. వాళ్లందరూ నీ వెంటే! గోలీ కూడా! చూస్తే గోల్లో ఎవ్వడూ లేడు. మొదటిసారి విసిరితే తప్పింది..."

"ఖాళీ గోల్లోకా?"

"టెన్షన్ యార్! రెండోసారి పడింది. మేడమ్ ఫ్లాస్కు తన్నుకుని లేచి నిలబడ్డారు!"

వాల్టర్‌గారు వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "బాబూ, బంతి లేకుండా ఉన్నట్టు నటించేవాళ్లని చాలామందిని చూశాను. ఇంత నమ్మకంతో నటించినవాణ్ణి చూడలేదు. అలా ఊపుతుంటే నాకే పిల్ల ఏడుస్తుందేమోననిపించింది."

"ప్లాన్ థా సర్! మైనే సిఖాయా!" అన్నారు ధిల్లాన్ సార్, అంతా తనే నేర్పినట్టు, ఎక్కడా తడుముకోకుండా.

వాల్టర్‌గారు నాన్నవైపు చూశారు. "మీ అబ్బాయేనా? ముందే ఇంట్లో సాధన చేశాడా?"

నిజం తెలిసింది ఆ గ్రౌండులో నాకు కాక ఆయనొక్కరికే, అబద్ధమంటే ఆయనకి అస్సలు పడదు. నాన్న నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూశారు. కన్నీళ్లు, మంచు, ముక్కుకి అంటుకున్న మెహందీ ఆకు. తర్వాత అటెన్షన్‌లోకి వచ్చి నిలబడ్డారు.

"యస్, సర్. రోజూ ఇంట్లో అదే సాధన."

చూశారా, అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. ఆ తర్వాత మంచులోకి తిరిగి వెళ్లిపోతూ నా తలమీద ఒక మొట్టికాయ వేశారు. నాకు తెలిసినంతలో అంత ప్రేమగా వేసిన మొట్టికాయ ఇంకొకటి లేదు.

మేం పన్నెండు–ఒకటి తేడాతో ఓడిపోయాం. కర్రలు స్టోర్ రూమ్‌కి వెళ్లలేదు. మేడమ్ మరుసటి ఏటికి కొత్త హెల్మెట్లు కూడా కొనిపెట్టారు.

మధ్యాహ్నం ఇంట్లో నాన్న అన్నం కలుపుకుంటూ అమ్మకి మొత్తం చెప్పారు. కల్నల్‌గారి మీసాల దగ్గరకొచ్చేసరికి ఆయనే నవ్వాపుకోలేక పొలమారి మంచినీళ్లు తాగారు. అమ్మ నవ్వలేదు. బుజ్జిని భుజాన వేసుకుని శ్రద్ధగా విన్నది. "అంత మెచ్చుకున్నారమ్మా నన్ను" అన్నాను నేను.

అప్పుడే బుజ్జి కాళ్లు ముడుచుకుని ఒక్క కేక పెట్టింది. ఇక ఆపలేదు. వాము నీళ్లు పట్టారు, పొట్టమీద ఆముదం రాశారు, పక్కింటి పంజాబీ ఆంటీ వచ్చి ఇంగువ పెట్టింది. సాయంత్రందాకా కడుపునొప్పి.

అమ్మ నావైపు తిరిగి చూసిన చూపు ముందు ఆ సెంట్రీ తుపాకీ ఏపాటి!

"ఖాళీ ఉయ్యాల ఊపొద్దని చెప్పానా?"

"నేను ఊపింది గ్రౌండులో కదమ్మా!"

"ఊపింది ఎక్కడైతేనేం? ఖాళీదా, కాదా?"

భారత సైన్యం తరఫున నాన్న రెండు చేతులూ పైకెత్తేశారు. కాబట్టి ఇదిగో, మీ అందరి ఎదుటా కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. కర్రైనా సరే, చీరైనా సరే, ముందు లోపలికి తొంగి చూసి, ఉన్నదని చేత్తో తడిమి చూసుకుని, ఆ తర్వాతే ఊపుతాను. బుజ్జి పొట్ట మీద ఒట్టు.